పదకొండు పడవలు, నాలుగు బ్యాటరీలు

బల్లకట్టు దిగేసరికి ఉదయం 10:40. యాభైల చివర్లో ఒక అక్టోబరు. ఆకాశం మూసుకుని ఉంది, వాన లేదు. తూర్పు గాలి. లారీ ఒకటి. మనుషులం నలుగురం. వైర్‌లెస్ సెట్టు ఒకటి, పన్నెండు వోల్టుల బ్యాటరీలు రెండు, వాటిని ఛార్జి చేసే పెట్రోలు ఇంజను ఒకటి, గుడారం ఒకటి, బియ్యం బస్తాలు రెండు, గమ్‌బూట్లు నాలుగు జతలు. నా జతలో రెండూ ఎడమకాలివే. సంతకం పెట్టి తీసుకున్నాను కాబట్టి అవే నావి.

ఆర్డరు అర కాగితం. అవనిగడ్డ దాటి, దివిసీమ చివర, సముద్రానికి రెండు మైళ్ళ ఇవతల, కాలవ ఆఖరి లాకు దగ్గర వైర్‌లెస్ పోస్టు పెట్టాలి. తుపాను రోజులు గడిచేదాకా కదలకూడదు. ఉదయం ఆరింటికి, మధ్యాహ్నం ఒంటిగంటకి, సాయంత్రం ఆరింటికి బందరు స్టేషనుతో మాట్లాడాలి. వాతావరణం కబురు అక్కణ్ణుంచి వస్తే ఊరికి చెప్పాలి. ఊరి కబురు ఉంటే అక్కడికి చెప్పాలి. అంతే.

ఇక్కడ ఒక అవమానం ఉంది, ముందే చెప్పేస్తాను. మాది గుడివాడ. నలభై రోజుల ముందు సెలవు ముగించుకుని వెళ్తుంటే మా వీధివాళ్ళు స్టేషన్లో మూడు దండలు వేశారు. మా లెక్కల మేష్టారు హిమాలయాల గురించి పది నిమిషాలు మాట్లాడారు. మా అమ్మ ఉన్ని బనీను అల్లించింది. తీరా చూస్తే పోస్టింగు దివిసీమ. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. సర్కారు నన్ను ఇంటిముందే నిలబెట్టింది. లారీ గుడివాడ మీదుగా వస్తుంటే మా వీధి మలుపు దగ్గర నేను తల మీద తార్పాలిన్ కప్పుకున్నాను.

ఆ నలుగురెవరో చెప్పాలి. హవల్దారు తమిళుడు. పదిహేనేళ్ళు తెలుగువాళ్ళ మధ్య గడిపాడు, మాకంటే స్పష్టంగా తెలుగులో తిట్టేవాడు. మనుషుల్ని ఊళ్ళ పేర్లతో పిలిచేవాడు, నేను ‘గుడివాడ’ని. ఆపరేటరు సన్నగా, నెమ్మదిగా ఉండేవాడు. చెవులకి హెడ్‌ఫోను పెట్టుకుంటే తప్ప ఎదుటి మనిషి మాట వినిపించుకునేవాడు కాదు. డ్రైవరే వంటవాడు. రెండు పనుల్లోనూ మాడ్చేవాడు. నేను ఎలక్ట్రీషియన్ని.

ఎలక్ట్రీషియన్ని అన్నానుగానీ అది కాగితం మీద. ట్రేడు టెస్టు రెండుసార్లు తప్పాను. రెండుసార్లూ ఒకే లెక్క. ఒక బ్యాటరీ ఉంటుంది, దాని లోపల కొంత నిరోధం ఉంటుంది. దాన్ని వోల్టేజి సోర్సు అంటారు. ‘ఇంత ఒత్తిడి పెడతాను, నీకెంత కరెంటు కావాలో నువ్వే లాక్కో’ అనే రకం. దాన్నే కాగితం మీద కరెంటు సోర్సుగా మార్చమంటారు. ‘ఒత్తిడి సంగతి నాకు తెలియదు, ఇంత కరెంటు మాత్రం తోస్తూ ఉంటాను’ అనే రకం. ఉన్న బ్యాటరీ ఒక్కటే, దాన్ని రెండు రకాలుగా రాయడమెందుకని నేను సుబేదారుగారిని క్లాసులోనే అడిగాను. ఆయన నన్ను గ్రౌండు చుట్టూ రెండు రకాలుగా పరిగెత్తించారు, ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి. లెక్క మాత్రం బుర్రకెక్కలేదు. మూడోసారి తప్పితే ట్రేడు తీసేసి వంటశాలకి పంపుతారు. మా డ్రైవరు దగ్గర శిష్యరికం అన్నమాట.

లాకు దగ్గరికి 12:25కి చేరాం. మా రాకకి ఊరు ఊరంతా వచ్చింది. ఆ ఊరి పేరు చెప్పను. ఎందుకు చెప్పనో మీకే తెలుస్తుంది.

ఆ ప్రాంతంలో ఒక ఆచారం ఉంది. ఇంటికొచ్చిన మనిషి చేత సామాను మోయించకూడదు. నేను బ్యాటరీ దింపబోతుంటే ఆరుగురు వచ్చి పట్టుకున్నారు.

“మీరొదిలెయ్యండి బాబూ, మేం లేమా?”

“బరువండీ, యాసిడ్ ఉంటుంది...”

“మీరొదిలెయ్యండి అంటంటే!”

నేను వదిలేశాను. నేను వదిలేశానని చూసి, మిగతావాళ్ళు పట్టుకున్నారు కదా అని ఆరుగురూ ఒకరి తర్వాత ఒకరు వదిలేశారు. బ్యాటరీ లాకు గట్టు మీద పడి, పగిలి, కాలవలోకి దొర్లింది. రెండు బ్యాటరీల్లో ఒకటి పోస్టింగులో మొదటి నిమిషానికే వీరమరణం పొందింది. హవల్దారు తమిళంలో తిట్టాడు. అంటే బాధ నిజమైనదని అర్థం.

పదో రోజుకి ఛార్జింగు ఇంజను కూడా ఉప్పుగాలికి బిగుసుకుపోయింది. విడిభాగం కావాలని బందరుకి కబురు పంపాం. వస్తుందన్నారు. మిగిలిన ఒక్క బ్యాటరీతో రోజుకి మూడు పూటలు పొదుపుగా మాట్లాడుకుంటూ వచ్చాం. గుడారం కారేది. దోమలు సెంట్రీ డ్యూటీ మారినంత క్రమంగా వచ్చేవి. ఉన్ని బనీను దిండుకింద పెట్టుకున్నాను.

ఇరవైమూడో రోజు. మధ్యాహ్నం 1:05. ఆపరేటరు పెన్సిలు పరిగెత్తుతోంది. రాసింది చదివి హవల్దారు లేచి నిలబడ్డాడు. వాయుగుండం దిశ మార్చింది. సాయంత్రానికల్లా గాలి. సముద్రం మీద ఉన్న పడవలు వెంటనే ఒడ్డుకి చేరాలి. ‘మీ వైపు నుంచి ఎన్ని పడవలు వెళ్ళాయి, ఎటు వెళ్ళాయి, చెప్పండి. గిలకలదిండి రేవులో లాంచీ సిద్ధంగా ఉంది. నాలుగింటి తర్వాత పోటు ఉండదు, లాంచీ బయటికి రాలేదు. ఏ కబురూ లేకపోతే ఉత్తరం వైపు వెతుకుతుంది.’

మా లాకుకి కూతవేటు దూరంలో చేపలవాళ్ళ పేట. అక్కణ్ణుంచి పొద్దున నాలుగున్నరకి పదకొండు పడవలు వెళ్ళాయి. ఉత్తరానికి కాదు. చందువా చేపలు పడుతున్నాయని దక్షిణానికి, ఏరు సముద్రంలో కలిసే ఏటిమొగ దిగువకి వెళ్ళాయి.

“చెప్పు. పదకొండు. దక్షిణం” అన్నాడు హవల్దారు.

ఆపరేటరు టెలిగ్రాఫు కీ నొక్కాడు. వోల్టులు చాలకపోతే సెట్టుని ఆపేసే రిలే లోపల టక్కుమని పడిపోయింది. దీపం ఆరింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ టక్కు. వినడానికి సెట్టుకి కరెంటు కొంచెం చాలు. మాట్లాడాలంటే ఎనిమిది ఆంపియర్లు కావాలి, అప్పుడు కూడా వోల్టులు పదకొండుకి తగ్గకూడదు. మీటరు మీద అక్కడ ఎర్రగీత ఉంటుంది. మా బ్యాటరీ ఊరికే ఉంటే పన్నెండు చూపిస్తోంది, కీ నొక్కితే తొమ్మిదిన్నరకి దిగిపోతోంది.

“బందరు పిలుస్తోంది సార్. ‘మీ జవాబేది’ అంటోంది” అన్నాడు ఆపరేటరు. మాకు చెవులున్నాయి, నోరు పోయింది.

అవనిగడ్డ తంతి ఆఫీసుకి సైకిలు మీద ఆ బురదలో నాలుగు గంటలు. లారీ ముందురోజే ఇరుసు దాకా కూరుకుపోయింది, బయటికి తియ్యాలని స్టార్టరు తిప్పితిప్పి దాని బ్యాటరీని కూడా డ్రైవరు చంపేశాడు. మిగిలింది ఒక్కటే దారి. ఊళ్ళో ఎవరి దగ్గర బ్యాటరీ ఉంటే వాళ్ళని అడగాలి. 1:20కి నేనూ హవల్దారూ పంచాయతీ ప్రెసిడెంటుగారి ఇంటికి వెళ్ళాం. అరవై ఏళ్ళ మనిషి, తెల్లటి పంచె, భుజం మీద జరీ కండువా. విషయం విని చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి వచ్చారు.

“ఊళ్ళో మూడున్నాయి. బురదకి ఆగిపోయిన బస్సుది ఒకటి, అది మా బావమరిదిది. మైకుసెట్టుది ఒకటి. మూడోది మన కారుది. పదండి.”

‘మన కారు’ గురించి డ్రైవరు నాకు ముందే చెప్పాడు. గెలిచిన ఎన్నికల్లో తిరిగింది. తర్వాత షెడ్డులో ఉంది. దాని మీద ఎండుగడ్డి మేటు ఉంది. మింగ మెతుకు లేదు, మీసాలకి సంపెంగ నూనె అన్న సామెత డ్రైవరే అన్నాడు, నేను కాదు.

2:10కి మూడు బ్యాటరీలూ లాకు దగ్గరికి వచ్చాయి. వాటితోపాటు ఊరూ వచ్చింది. బస్సు బ్యాటరీ తెచ్చినాయన ప్రెసిడెంటుగారి బావమరిది, ఎన్నికల్లో ఆయన చేతిలో ఓడినవాడు. మైకుసెట్టు ఆయన ప్రెసిడెంటుగారి మనిషి, ఆయన సభలన్నిటికీ ఆ మైకే. ప్రెసిడెంటుగారి బ్యాటరీ మాత్రం కావడి మీద వచ్చింది. పసుపు రాసి, కుంకం బొట్టు పెట్టి ఉంది. దసరా వెళ్ళి ఎన్నాళ్ళో కాలేదు, ఆయుధపూజలో పెట్టిన బంతిపూలదండ ఇంకా దాని మెడలోనే ఉంది.

“బావా, నీ కారు కదిలి ఎన్నాళ్ళయింది?” అన్నాడు బస్సాయన.

“కారు కదలకపోతేనేం? బ్యాటరీ కూర్చుని బలిసింది” అన్నారు ప్రెసిడెంటుగారు.

“ఆయన్ని ఎగతాళి చేస్తే బాగుండదు. మా ప్రెసిడెంటుగారి బ్యాటరీ లేనిచోట నా బ్యాటరీ ఉండదు. ముందే చెబుతున్నా” అన్నాడు మైకుసెట్టాయన, తన బ్యాటరీ మీద చెయ్యి వేసి.

అందరికీ వెనక ఒకావిడ నిలబడి ఉంది. పేరు నాంచారమ్మ. మొగుడూ, ఇద్దరు కొడుకులూ ఆ పదకొండు పడవల్లోనే ఉన్నారు. ఆవిడ నా దగ్గరికి వచ్చి దోసిలి చాపింది. అందులో రెండు టార్చిలైటు బ్యాటరీలు.

“ఇయ్యి కూడా ఏసుకో బాబూ. మావోడి లైటులోయి. నిన్ననే కొన్నాడు.”

వాటితో పని జరగదని ఎలా చెప్పను? తీసుకుని, “ఇవి రిజర్వులో ఉంటాయమ్మా” అన్నాను. అంతవరకూ నాకు పోస్టింగు ఒక వెటకారం. ఆ రెండు బ్యాటరీలు జేబులో పడ్డాక కాదు.

ఇప్పుడు నేను చేసిన తప్పు. మా బ్యాటరీకి మీటరు పెట్టి చూశాను, పన్నెండు. బస్సుది చూశాను, పన్నెండు. మైకుసెట్టుది చూశాను, పన్నెండు. ప్రెసిడెంటుగారి దానికి మాత్రం మీటరు పెట్టలేదు. అంతమంది ముందు ఆయన బ్యాటరీని పరీక్షించడమంటే ఆయన మాటకి సాక్షిని పిలవడమే. వేరే దేశపు సైనికుడైతే పెట్టేవాడేమో. నేను గుడివాడవాణ్ణి, మర్యాద తెలిసినవాణ్ణి. దండం పెట్టి, దండ కొంచెం పక్కకి జరిపి, అన్నిటినీ పక్కపక్కన కలిపేశాను. ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్. నాలుగు కలిస్తే బలం నాలుగింతలు కావాలి. 2:35.

ఆపరేటరు మీటరు చూశాడు. నా వైపు చూశాడు. మళ్ళీ మీటరు చూశాడు.

“తొమ్మిది” అన్నాడు.

“కీ నొక్కావా?”

“ఇంకా లేదు. ఊరికే ఉంటేనే తొమ్మిది.”

హవల్దారు నా చెవి దగ్గరికి వంగాడు. “ఒకటుంటే పన్నెండు. నాలుగుంటే తొమ్మిది. ఇంకో నాలుగు తెప్పించమంటావా గుడివాడా, సున్నా వస్తుంది?”

అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాయం. నాలుగింటిలో ఏది తింటోందో నాకు అనుమానం ఉంది. అనుమానంతో ప్రెసిడెంటుగారి పరువు తియ్యలేను. కొలవాలి. కొలవాలంటే జనం చూడకూడదు. హవల్దారుకి గుసగుసగా చెప్పాను. ఆయన పదిహేనేళ్ళ సర్వీసులో అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదనుకుంటాను.

“వైర్‌లెస్ రహస్యం! దేశరక్షణ! అందరూ సముద్రం వైపు తిరగాలి! నేను చెప్పేదాకా ఎవరూ వెనక్కి చూడకూడదు!”

ఊరంతా తిరిగింది. ప్రెసిడెంటుగారు కూడా కండువా సర్దుకుని గౌరవంగా తిరిగారు. బస్సాయన, మైకాయన, నాంచారమ్మ, కావడి మోసినవాళ్ళు, అందరి వీపులూ మా వైపు. లాకు లస్కరు ఒక్కడు తిరగలేదు. తలుపులెత్తి కాలవ నీళ్ళు వదిలే ఉద్యోగం అతనిది. “నేనూ గవర్నమెంటేనండి” అన్నాడు. ఉండనిచ్చాం.

లారీ నుంచి హెడ్‌లైటు బల్బు పీకి తెచ్చాను. తీగలు విప్పి ఒక్కో బ్యాటరీకి బల్బు తగిలించి, ఎంత కరెంటు పోతే ఎన్ని వోల్టులు పడుతున్నాయో చూశాను. మంచివి మూడూ ఇంచుమించు ఒకటే. పన్నెండు వోల్టులు, నాలుగు ఆంపియర్లు తీస్తే పన్నెండు కాస్తా పది పాయింటు ఎనిమిది. అంటే లోపలి నిరోధం పాయింటు మూడు ఓములు. చెప్పడానికి సుఖంగా ఉంటుందని కాస్త గుండ్రం చేశాను, పట్టించుకోకండి. ప్రెసిడెంటుగారిది ఆరు వోల్టులు. లోపల సగం గదులు చచ్చిపోయాయి. నిరోధం మాత్రం పాయింటు ఒకటే.

లాకు తలుపు మీద సుద్దముక్కతో రాయడం మొదలుపెట్టాను. పన్నెండూ, పన్నెండూ, పన్నెండూ, ఆరూ. వీటిని కూడితే అర్థం లేదు. పక్కపక్కన ఉన్న వోల్టుల్ని కూడకూడదు. కానీ కరెంట్లని కూడవచ్చు. ఆ మాట తలలోకి రాగానే చెయ్యి ఆగింది. అందుకా సుబేదారుగారు రెండు రకాలుగా రాయమన్నది! ఒక్కోదాన్నీ కరెంటు సోర్సుగా మార్చుకుంటే అన్నీ ఒకే కుప్పలో పోయవచ్చు. రెండేళ్ళుగా నన్ను పరిగెత్తించిన లెక్క, కాలవగట్టు మీద, రెండు ఎడమకాలి బూట్లలో ఉండగా అర్థమైంది.

వోల్టుల్ని నిరోధంతో భాగించాను. మంచివి మూడూ తలా నలభై ఆంపియర్లు. ప్రెసిడెంటుగారిది అరవై.

“అరే, ఆయనదే పెద్దది” అన్నాడు హవల్దారు.

“ఆగండి సార్.”

కూడితే నూట ఎనభై. నాలుగు నిరోధాలూ పక్కపక్కన కలిస్తే పాయింటు సున్నా అయిదు. మళ్ళీ వెనక్కి మార్చాను, నూట ఎనభైని పాయింటు సున్నా అయిదుతో గుణించాను. తొమ్మిది. మీటరు చూపించింది అదే తొమ్మిది. నా జన్మలో సుద్దముక్క చెప్పిందీ, మీటరు చెప్పిందీ ఒకటి కావడం అదే మొదటిసారి. నాకు కళ్ళలో నీళ్ళు వచ్చాయి. సిగ్గుపడకుండా చెబుతున్నాను.

ప్రెసిడెంటుగారి అరవైని కొట్టేశాను. నూట ఇరవై ఆంపియర్లు. నిరోధం పాయింటు ఒకటి. గుణిస్తే పన్నెండు. సెట్టు ఎనిమిది లాగితే పదకొండు పాయింటు రెండు. ఎర్రగీతకి పైనే. అంటే అరవై చేరిస్తే తొమ్మిది, తీసేస్తే పన్నెండు. ఆయన బ్యాటరీ ఇవ్వడం లేదు, మిగతా మూడింటి దగ్గర ముప్ఫై ఆంపియర్లు తాగుతోంది. సెట్టు మాట్లాడటానికి అడిగేది ఎనిమిదే.

హవల్దారుకి ఇంకా నమ్మకం కుదరలేదు. లస్కరు బీడీ ఆర్పాడు.

“ఇందులో ఏవుందండీ? మెరక చేల మజ్జెలో పల్లం చేనుకి గండి కొడితే, నీళ్ళన్నీ పల్లానికే పోతాయి. మడికేం మిగులుద్ది? గండి పూడ్చెయ్యండి.”

సుబేదారుగారు ఆర్నెల్లు చెప్పింది అతను ఒక్క దమ్ములో చెప్పాడు.

గండి పూడ్చడం ఎలా? అదీ సమస్య. ప్రెసిడెంటుగారి బ్యాటరీ తీసి పక్కన పెడితే మైకుసెట్టాయన తనది ఎత్తుకుపోతాడు. మిగిలిన రెండింటికీ లెక్క కట్టాను. పది పాయింటు ఎనిమిది. ఎర్రగీతకి వెంట్రుకవాసి కింద. మూడూ ఉండాలి, నాలుగోది కలవకూడదు, నాలుగోది లేనట్టు కనపడకూడదు. ఏ సుబేదారూ ఇలాంటి ప్రశ్నపత్రం ఇవ్వలేదు.

మంచివి మూడూ మళ్ళీ కలిపి, వాటి తీగల్ని బల్లమీదికి తెచ్చి సెట్టుకి బిగించాను. ప్రెసిడెంటుగారి బ్యాటరీకి రెండు కొత్త తీగలు, అన్నిటికంటే లావైనవి, గట్టిగా బిగించాను. దండ మళ్ళీ సర్దాను. ఆ తీగల్ని ఠీవిగా బల్ల కిందికి వదిలాను. అక్కడ వాటిని దేనికీ కలపలేదు. కొసలు కింద నేల మీద, గోనెసంచి పక్కన పడి ఉన్నాయి. మూడు నిమిషాల పని. హవల్దారు చూసి మీసం దువ్వాడు.

“తిరగవచ్చు!” అని అరిచాడు. 3:20.

ప్రెసిడెంటుగారు వచ్చి తన బ్యాటరీ పక్కనే కుర్చీ వేసుకున్నారు. “ఏవోయ్ అబ్బాయీ, మనది బాగా పనిచేస్తోందా?”

“తీగలు మార్చానండీ. ఇప్పుడు ఇబ్బంది లేదు.”

అబద్ధం కాదు కదా.

ఆపరేటరు మీటరు చూసి “పన్నెండు” అన్నాడు. జనంలోంచి హమ్మయ్య అన్న చప్పుడు. కీ నొక్కాడు. సూది దిగింది. పదకొండున్నర. పదకొండు పాయింటు రెండు. ఆగింది. రిలే పడలేదు. దీపం వెలుగుతోంది. టిక్కూ టక్కూమని కబురు వెళ్ళింది. పదకొండు పడవలు. దక్షిణం. ఏటిమొగ దిగువ. రెండుసార్లు పంపాడు. 3:42కి హెడ్‌ఫోను చేత్తో అదుముకున్నాడు.

“అందింది అంటున్నారు సార్. లాంచీ కదులుతోంది.”

తర్వాత మూడు గంటలు ఎవరూ ఇంటికి పోలేదు. గాలి లేచింది. గుడారం మేకులు రెండు ఊడాయి. డ్రైవరు అందరికీ టీ పెట్టాడు, ఆ రోజు మాత్రం మాడలేదు. 6:00 పిలుపులో, లాంచీ తొమ్మిది పడవల్ని తాడు కట్టి ఏటిమొగ లోపలికి చేర్చిందని చెప్పారు. రెండు కనపడలేదన్నారు. ఆ రెండూ ఎవరివో ఎవరూ అడగలేదు. నాంచారమ్మ సెట్టు ముందు చతికిలబడింది. ఏడవలేదు. ఆ నలభై నిమిషాలు నాకు ఆవిడ వైపు చూసే ధైర్యం లేకపోయింది. 6:40కి ఆపరేటరు పెన్సిలు విసిరేసి లేచాడు. ఆ రెండూ తమంతట తామే వచ్చి చేరాయట. పదకొండూ వచ్చాయి. మనుషులంతా క్షేమం.

నాంచారమ్మ లేచి వచ్చి, పసిపిల్లకి జ్వరం చూసినట్టు సెట్టు మీద చెయ్యి వేసింది. “కాలిపోతంది బాబూ. దీనికి కూసింత రెస్టు ఇవ్వండి” అంది. అప్పుడు ఏడ్చింది. ఆవిడ టార్చి బ్యాటరీలు రెండూ తిరిగి చేతిలో పెట్టాను. “వాడారా?” అని అడిగింది. “అవసరం పడలేదమ్మా, ఉన్నాయన్న ధైర్యం సరిపోయింది” అన్నాను. అది నిజమే.

మర్నాడు గాలి తగ్గాక లాకు దగ్గర సభ జరిగింది. మైకుసెట్టు బ్యాటరీ దాని మైకుకి చేరింది. ప్రెసిడెంటుగారు ఇరవై నిమిషాలు మాట్లాడారు. బస్సు ఆయన్నీ, మైకుసెట్టు ఆయన్నీ, మిలటరీవాళ్ళనీ పేరుపేరునా మెచ్చుకున్నారు. వింత ఏమిటంటే తన బ్యాటరీ ఊసు ఎత్తలేదు. పెద్దమనిషి, గొప్పలు చెప్పుకోలేదనుకున్నారు జనం. బస్సాయన కూడా చప్పట్లు కొట్టాడు.

డిసెంబరు చివర పోస్టు ఎత్తేశారు. ఈసారి సామాను మేమే మోసుకుంటామని హవల్దారు తుపాకీ చూపించి మరీ చెప్పాడు. బల్లకట్టు దాకా సాగనంపారు. ట్రేడు టెస్టులో అదే లెక్క ఇచ్చారు. చేశాను. సుబేదారుగారికి అనుమానం వచ్చి, “దీనివల్ల ఉపయోగమేమిటి?” అని అడిగారు. “పంచాయతీల్లో పనికొస్తుంది సార్” అన్నాను. ఏమనుకున్నారో, పాస్ చేశారు.

పదిరోజుల సెలవుకి గుడివాడ వచ్చాను. మా వీధివాళ్ళు చుట్టూ మూగి ఎంతమందిని చంపావని అడిగారు. ఎవర్నీ చంపలేదు, ఒక బ్యాటరీని మాత్రం ఎవరికీ తెలియకుండా విప్పానని చెప్పాను. లెక్కల మేష్టారొక్కరే నవ్వారు. మిగతావాళ్ళు మిలటరీ రహస్యం కాబోలనుకుని ఇళ్ళకి వెళ్ళిపోయారు. మా అమ్మ ఉన్ని బనీను చూసి, కొత్తదానిలాగే ఉందేమిట్రా అంది.

తర్వాత నిజంగానే హిమాలయాలు చూశాను. మంచు చూశాను, చూడకూడనివీ చూశాను. అవేవీ కలలోకి రావు. ఒక్కటే వస్తుంది. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు, హవల్దారుకి కూడా.

3:40 అయి ఉంటుంది. ఆపరేటరు కీ కొడుతున్నాడు. ఊరంతా మీటరు సూదిని చూస్తోంది. నేను చెమట తుడుచుకుంటూ కిందికి చూశాను. బల్ల కింద ఆ రెండు తీగల కొసలు గోనెసంచి దాటి బయటికి వచ్చి ఉన్నాయి. రాగి తళతళా మెరుస్తోంది. చంటిపిల్లాడికైనా తెలుస్తుంది, అవి దేనికీ కలవలేదని. తల ఎత్తితే ప్రెసిడెంటుగారు కూడా అక్కడికే చూస్తున్నారు. ఆయన ఒక్కమాట అంటే మైకుసెట్టాయన బ్యాటరీ పోతుంది, సూది పడుతుంది. ఆయన ఆ కొసల్ని చూశారు. దండ వేసిన తన బ్యాటరీని చూశారు. నాంచారమ్మని చూశారు. ముఖంలో ఏమీ కదలలేదు. చెప్పుల్లేని కుడికాలు నెమ్మదిగా చాచి, బొటనవేలితో గోనెసంచి అంచు పట్టి, ఆ తీగల మీదికి లాగి కప్పేశారు. తర్వాత కండువా సర్దుకుని, అందరితోపాటు సూది వైపు చూస్తూ కూర్చున్నారు.